రావులపాలెంలో లారీ ఆపిన బాబాయ్‌కి

ఫిబ్రవరిలో ఓ రాత్రి రావులపాలెం సెంటర్లో నన్ను లారీ ఎక్కించుకున్నారే, ఆ బాబాయ్ కోసం ఇది. పేరడగలేదు, బండి నంబరు చూసుకోలేదు. ఎవరైనా గుర్తుపడితే ఆయనకి చదివి వినిపించండి.

రాజమండ్రిలో ఢిల్లీ రైలు అందుకోవాలి, అక్కణ్ణుంచి కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో స్కీ రేసుకి. నేనెక్కిన బస్సు ఆగిపోయింది. నా సంచి చూసి ఆటోలవాళ్లు తల అడ్డంగా ఊపారు. వాళ్ల తప్పేం లేదు లెండి. అందులో ఉన్నవి జెయింట్ స్లాలమ్ స్కీలు, అంటే మంచు వాలు మీద పాతిన గేట్ల మధ్య వంపులు తిరుగుతూ దిగే రేసుకి కాళ్లకి తగిలించుకునే పొడవాటి పలకలు. 188 సెంటీమీటర్లు, నాకంటే జానెడు పొడవు.

"అవేంటమ్మా, తెడ్లా?" అన్నారు మీరు. మంచు మీద జారే పోటీలని చెబితే, "ఆయ్, కోనసీమలో మంచెక్కడిదమ్మా!" అని నవ్వుతూనే కొబ్బరికాయల మధ్య చోటు చేశారు. సంచి జిప్పు ఊడి స్కీ అంచు బయటికొస్తే, మెడలో తువ్వాలు తీసి చుట్టారు. ఆ అంచు ఉక్కుది. సొట్టపడితే గట్టి మంచు మీద పట్టు దొరకదు. మీకా సంగతి తెలీదు, అయినా చుట్టారు.

గౌతమి వంతెన దాటుతుంటే ఖర్చెవరు పెడుతున్నారని అడిగారు. ట్యూషన్లు చెబుతాను, కొంచెం నాన్న కొబ్బరి డబ్బులు అన్నాను. దిగాక రెండొందలు ఇస్తే తీసుకోలేదు. పైగా రెండు బొండాలు చేతిలో పెట్టారు. స్కీలతో పాటు అవెలా మోయాలో మాత్రం చెప్పలేదు!

రెండో రన్‌లో ఓ గేటు తప్పాను, రేసు అక్కడితో సరి. తువ్వాలు మాత్రం నా దగ్గరే ఉంది. తడిసిన అంచులు తుప్పు పట్టకుండా రోజూ దాంతోనే తుడుస్తున్నాను. తిరిగిచ్చే స్థితిలో లేదు బాబాయ్, నిండా స్కీలకి రాసే వ్యాక్స్ మరకలే. కొత్తది కొని ఇంట్లో పెట్టాను.