పొగ కొన్నానురా!

సూరత్,
ఆదివారం మధ్యాహ్నం

అరేయ్ నర్సిగా,

నీ ఉత్తరానికి రెండు నెలలకు జవాబు రాస్తున్నా. తిట్టుకో, కానీ చదువుతూ తిట్టుకో. అందరం బాగున్నాం. చిన్నది మూడో తరగతి. లింబాయత్‌లో ఇల్లు అదే, అవ్వ మోకాళ్ళ నొప్పులూ అవే. ఇక అసలు సంగతి.

పోయిన వారం నేను పొగ కొన్నాను! పదో తరగతిలో నువ్వు అప్పిచ్చిన బీడీ పొగ కాదు (ఆ బాకీ గుర్తుందిలే). మా డైయింగ్ మిల్లు చిమ్నీ పొగ.

2019లో గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి ఇక్కడ చిమ్నీ పొగలోని ధూళికి మార్కెట్ పెట్టింది. ఇందులో చేర్చిన, బొగ్గు కాల్చే మిల్లులన్నీ కలిసి ఇంతకుమించి వదలకూడదని ఒక లెక్క. ఒక పర్మిట్ అంటే కిలో ధూళి వదిలే హక్కు. చాలావరకు ఊరికే ఇస్తారు, మిగతాది వేలం. తక్కువ వదిలినోడు అమ్ముకుంటాడు, ఎక్కువ వదిలినోడు కొనుక్కుంటాడు. కిలో 5 రూపాయలకు తగ్గదు, 100 దాటదు. చిమ్నీకి బిగించిన మీటరు రాత్రీపగలూ రీడింగు పంపుతుంది. ఇదివరకు ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజు మాత్రం మంచి బొగ్గు వేసేవాళ్ళం. మీటరుకు చాయ్ తాగించలేం కదా!

పొగలో ధూళిని ఆపే మా ఫిల్టర్‌లో దిండు గలీబుల్లాంటి పొడుగు సంచులు వేలాడుతుంటాయి. ఒకదానికి రూపాయి బిళ్ళంత చిల్లు. సేఠ్‌కు చెప్తే, సీజన్ ఆర్డర్లు అయ్యాక చూద్దాం అన్నాడు. పర్మిట్ల లెక్క సరిపెట్టాల్సిన గడువు చివరి రోజుకు, మా దగ్గరున్న పర్మిట్ల కన్నా 300 కిలోలు ఎక్కువ తేలింది. ఇక టెన్షన్ చూడు! పొద్దున 12 ఉన్న రేటు మధ్యాహ్నానికి 40. సేఠ్ నా కుర్చీ వెనకే నిలబడి "కొను, కొను" అని ఒకటే గోల. అమ్మింది ఎవరనుకున్నావ్, ముందే సంచులు మార్చుకున్న పక్క మిల్లాయన! మర్నాడే మాకూ కొత్త సంచులు దిగాయి.

చికాగో, యేల్ యూనివర్సిటీల వాళ్ళు కొన్ని మిల్లులను ఈ పద్ధతిలో, కొన్నిటిని పాత పద్ధతిలో ఉంచి పోల్చారు. ఇందులో ఉన్నవి 20 నుంచి 30 శాతం తక్కువ ధూళి వదిలాయట, తగ్గించే ఖర్చూ 11 శాతం తగ్గిందట. ఊరి మొత్తానికి మంచిదే, ఒప్పుకుంటా.

కానీ ఆ 300 కిలోలు కాగితం మీద సరిపోయినా, పడింది మా వీధి మీదేగా? తీగ మీది తెల్ల తువ్వాలు దులిపితే చేతికి మసి. చిన్నదానికి రాత్రిళ్ళు పిల్లికూతలు. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా అని డాక్టరమ్మ అడిగితే లేదన్నాను. కొంటానని ఎట్లా చెప్పను... సర్లే.

అదిగో సేఠ్ ఫోన్. మీటరు సిగ్నల్ పోయిందట, కొత్త సంచులేసిన వారానికే! బాపును అడిగానని చెప్పు. నీ బీడీ బాకీ మాత్రం