విషయం: జిప్పు గురించి కాదు, మీరు వినిపించుకోకపోవడం గురించి

గెస్ట్ రిలేషన్స్ హెడ్ గారికి,

నమస్తే. మీరు సారో మేడమో నాకు తెలీదు, ఎందుకంటే మూడు వారాల నుంచి "మా సీనియర్ మాట్లాడతారు" అనే మాటే వింటున్నా గానీ ఆ సీనియర్ గొంతు మాత్రం ఇంతవరకు వినలేదు. ఇది నా ఏడో మెయిల్. ముందు ఆరింటికీ ఒకటే జవాబు, "మీ అనుభవం మాకు ఎంతో విలువైనది" అని, ఆరుసార్లూ కామా కూడా మారలేదు. రెండు ఇంగ్లీషులో మా అబ్బాయి చేత రాయించా, ఒకటి హిందీలో, మూడు ఒడియాలో నేనే రాశా. ఆ మూడు భాషలూ మీకు అందినట్టు లేవు కాబట్టి ఈసారి నాకు బాగా వచ్చిన భాషలో రాస్తున్నా, చదివించుకునే పని మీదే.

నేను రాయగడలో టైలరింగ్ షాపు నడుపుతాను, పద్దెనిమిదేళ్ల నుంచి. బ్లౌజులు, ఫాల్స్, పీకో, స్కూలు యూనిఫాంలు. ఏడాది మొత్తంలో నాకు సెలవంటే డిసెంబర్ ఆఖర్లో రెండు రోజులు, సంక్రాంతి బ్లౌజుల వాళ్లు మీద పడిపోక ముందు. ఆ రెండు రోజులూ 2022 నుంచీ మీకే ఇస్తున్నాం. మొదటిసారి వచ్చినప్పుడు దేవమాలి కొండ కింద మీకున్నవి ఆరంటే ఆరు టెంట్లు. గ్లాంపింగ్ అన్న మాట, అంటే హంగులున్న క్యాంపింగ్ అట, నేను మీ బోర్డు మీదే చూశా, క్యాంపింగ్ అని రాయబోయి తప్పు పడిందేమో అనుకున్నా. అప్పుడున్న మేనేజరు చీకట్లో టార్చిలైటు పట్టుకుని రోడ్డు దాకా వచ్చి మా కారుని లోపలికి తీసుకెళ్లాడు. పొద్దున్న చోడి (రాగి) అంబలి గాజు గ్లాసులో పోసి వెల్‌కం డ్రింక్ అని ఇచ్చారు, మా ఇంట్లో స్టీలు గ్లాసులో రోజూ తాగేదే, అయినా నవ్వుకుంటూ తాగాం, బాగుంది కూడా. సాయంత్రం నెగడు దగ్గర థింసా డాన్సు, కోరాపుట్ కాఫీ, తెల్లారగట్ల 1,672 మీటర్ల కొండ మీద నిలబడితే మబ్బులు మన కాళ్ల కింద. ఒడిశాలో అంతకంటే ఎత్తయిన చోటు లేదు. ఇదంతా మీ చేత చెప్పించుకోకుండా నేనే మా షాపుకి వచ్చే ప్రతి ఆడమనిషికీ చెప్పా. కొలతలు తీసుకుంటూ చెప్పా, అప్పుడు వాళ్లు కదలకూడదు కదా, వినక తప్పదు. నా మాట మీద మీ దగ్గరికి వచ్చిన కుటుంబాలు పదకొండు. ఒక్క రూపాయి కమిషన్ అడగలేదు. మీ యాడ్లకి ఎంత ఖర్చు పెడుతున్నారో గానీ రాయగడలో మీ యాడ్ నేనే.

ఇక మొన్న డిసెంబర్ 26. ఈసారి మా అత్తగారిని కూడా తీసుకొచ్చాం. డెబ్భై ఒక్కేళ్లు, మోకాళ్ల నొప్పులు, అయినా ఇంటిపక్క వాళ్లందరికీ "మా కోడలు నన్ను మబ్బుల మీదికి తీసుకెళ్తోంది" అని పది రోజుల ముందు నుంచీ చెప్పుకుంది. రెండు టెంట్లు, రెండు రాత్రులు, టెంటుకి రాత్రికి 9,000, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం 42,480. ముందే కట్టేశాం. లక్ష్మీపూర్, కాకిరిగుమ్మ మీదుగా వచ్చేసరికి సాయంత్రం అయింది.

టెంటు జిప్పు పాడైంది. దాని గురించి ఇంతకంటే రాయను, పాడవని వస్తువంటూ ఉండదు. కాకపోతే ఒక్క ముక్క చెప్పాలి, ఎందుకంటే నేను టైలర్ని. పళ్లన్నీ బాగానే ఉన్నాయి, వాటి మీద జారే రన్నరు లూజైంది, అంతే. అది లాగితే ముందుకి వెళ్తుంది గానీ వెనక పళ్లు మూసుకోవు. కటింగ్ ప్లేయర్ ఒకటి ఇస్తే రన్నరు రెండు చెంపలూ కొంచెం నొక్కి రెండు నిమిషాల్లో సరి చేసేదాన్ని, ఇలాంటివి నా చేతి మీద వేలల్లో వెళ్లాయి. రన్నరు మొత్తం మార్చినా పది రూపాయల సామాను. మీ కుర్రాణ్ణి ప్లేయర్ అడిగా. వాడు పాపం భయంగా చూసి "మేడం, గెస్టులకి టూల్స్ ఇవ్వకూడదు, యాప్‌లో టికెట్ పెట్టండి, మెయింటెనెన్స్ వాళ్లు వస్తారు" అన్నాడు. మెయింటెనెన్స్ వాళ్లు ఎక్కడుంటారు అంటే తెలీదన్నాడు. యాప్ తెరుద్దామంటే ఆ కొండ కింద సిగ్నల్ ఒక గీత, అదీ వాటర్ ట్యాంకు పక్కన నిలబడితేనే.

వాటర్ ట్యాంకు పక్కన నిలబడి మీ చాట్ రోబోతో ముప్పావుగంట మాట్లాడా. "చెకిన్, చెకౌట్, ఫుడ్, పెట్స్" నాలుగు బటన్లు. జిప్పు పెట్స్ కిందకి వస్తుందా ఫుడ్ కిందకి వస్తుందా మీరే చెప్పండి. ఏది నొక్కినా ఆఖర్న "మీ సమస్య తీరిందా" అని అడుగుతుంది, లేదు అని నొక్కితే మళ్లీ మొదటి నాలుగు బటన్లు. అవును అని నొక్కితే థాంక్యూ అంటుంది. ఆ రాత్రి నాకు థాంక్యూ చెప్పింది అదొక్కటే.

రాత్రి గాలి మొదలైంది. ఆ గుడ్డ తలుపు టపటపా కొట్టుకుంటుంటే నా జడలో ఉన్న పిన్నులు, అత్తగారి చీర పిన్నీసులు, అన్నీ కలిపి తొమ్మిది గుచ్చా. కింద మూరెడు సందు మిగిలిపోయింది, అక్కడ సూట్‌కేసు అడ్డం పెట్టా. మా అత్తగారు రెండు రజాయిల్లో ముడుచుకుని "ఏటే అమ్మా, ఇంత డబ్బెట్టి సలిలో తొంగోడానికా వొచ్చింది? మన పెరట్లో మంచమేసుకుంటే ఊరికే వొచ్చును కదా" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. పొద్దున్నకి ఆవిడకి దగ్గు, ఒళ్లు వెచ్చన, కొండెక్కలేదు. రెండో రాత్రి ఉండకుండా ఇంటికి వచ్చేశాం. మబ్బులు ఆవిడ చూడలేదు.

ఇప్పటిదాకా చెప్పిందాని మీద నాకు అంత కోపం లేదు. కోపం ఇక్కడ నుంచి.

డిసెంబర్ 29 సోమవారం పొద్దున్న షాపు తీసి మొదట మీకే ఫోన్ చేశా. నా సిమ్ము ఆంధ్రాది, మా అమ్మగారి ఊరు పార్వతీపురంలో ఎప్పుడో కొన్నది. ఆ నంబర్ చూసి మీ మెషీన్ నన్ను హైదరాబాద్‌కి పంపింది. ఒక అమ్మాయి, తేనె లాంటి తెలుగు, అంతా విని "అయ్యో మేడం, పెద్దావిడకి ఇప్పుడెలా ఉంది" అని కూడా అడిగింది. ప్రాణం లేచొచ్చింది. వెంటనే "కానీ మేడం, ప్రాపర్టీ ఒడిశాలో ఉంది కదా, మాది సౌత్ టీం, ఈస్ట్ టీంకి కనెక్ట్ చేస్తున్నా" అంది. ఇరవై రెండు నిమిషాలు వేణువు వాయించారు. ఒక హెమ్మింగ్ అయిపోయింది ఆ పాటికి. తర్వాత ఈస్ట్ టీం కుర్రాడు వచ్చాడు. మొత్తం కథ మళ్లీ మొదటినుంచీ ఒడియాలో చెప్పా. అంతా విని "మేడం, మీ నంబర్ ఆంధ్రాలో రిజిస్టర్ అయి ఉంది, మీది సౌత్ టీం కస్టమర్ ఐడీ" అన్నాడు. బాబూ, నేనుండేది రాయగడ, ఒడిశా, పిన్‌కోడ్ 765001 అంటే, "రాయగడ ఆంధ్రాలో కదా మేడం?" అన్నాడు. ఈస్ట్ టీం. ఒడిశా చూసే టీం.

అలా సౌత్ నుంచి ఈస్టుకి, ఈస్టు నుంచి సౌత్‌కి ఆ ఒక్కరోజే నాలుగుసార్లు తిప్పారు. 1936లో ఒరిస్సాని విడిగా ఏర్పాటు చేసి మద్రాసు నుంచి మా ప్రాంతాన్ని అటు కలిపినప్పుడు మా తాతని ఎవరూ అడగలేదు, ఇప్పుడు నన్ను మీరూ అడగరు, సరే. కానీ మీ క్యాంపుకి కూతవేటు దూరంలో పొట్టంగి వైపు కోటియా ఊళ్లున్నాయి చూడండి, ఇరవై ఒక్క ఊళ్లు, మావంటే మావని రెండు రాష్ట్రాలూ 1968 నుంచి సుప్రీంకోర్టు దాకా కొట్టుకుంటున్నాయి. అక్కడ ఒక్కో ఇంట్లో రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉంటాయి, ఇద్దరూ మా మనుషులే అంటారు. నా విషయంలో మీ రెండు టీములూ మా మనిషి కాదంటే మా మనిషి కాదని కొట్టుకుంటున్నాయి. 42,480 తీసుకునేటప్పుడు మాత్రం ఏ టీమూ నేను ఎటు మనిషినో అడగలేదు, నొక్కగానే డబ్బు వెళ్లిపోయింది.

తర్వాత ఒకాయన దొరికాడు, పేరు చెప్పలేదు, అడిగితే "పాలసీ" అన్నాడు. జిప్పు వీడియో పంపమన్నాడు. పంపా. ఫైలు పెద్దదన్నాడు. చిన్నది చేసి పంపా. చీకటిగా ఉంది, కనబడట్లేదన్నాడు. రాత్రి తీసింది మరి, సూర్యుణ్ణి ఎక్కడ నుంచి తేను? పగలు తీసింది పంపితే "ఇది చెకౌట్ తర్వాత తీసింది కాదని రుజువేమిటి" అన్నాడు. చెకౌట్ తర్వాత మీ టెంటు జిప్పు నేను ఇంటికి తెచ్చుకుంటానా? ప్రతి ఫోన్ ఆఖర్లోనూ "24 నుంచి 48 గంటల్లో" అన్నారు. నేను లెక్కపెట్టా, మీరు నాకు బాకీ ఉన్న 48 గంటలు తొమ్మిది.

మధ్యలో ఒక కూపన్ వచ్చింది. ఐదు వందలు, మళ్లీ వచ్చినప్పుడు వాడుకోవాలట, శని ఆదివారాలు చెల్లదు, పండగలకి చెల్లదు, డిసెంబర్ జనవరుల్లో చెల్లదు. అంటే మే నెలలో మంగళవారం మబ్బులు చూడ్డానికి రావాలి కాబోలు.

అసలు దెబ్బ సంక్రాంతి వారంలో తగిలింది. షాపులో పది మంది నిలబడి ఉన్నారు, నోట్లో పిన్నులు పెట్టుకుని కొలత తీస్తున్నా, మెసేజ్ వచ్చింది: "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. కస్టమర్ సంతృప్తి చెందారు. దయచేసి 5 స్టార్లు ఇవ్వండి." సంతృప్తి చెందింది ఎవరండీ? నేనైతే కాదు, మా అత్తగారు అప్పటికింకా కషాయం తాగుతోంది. ఆ మెసేజ్‌ని భోగి మంటలో వేద్దామంటే ఫోన్‌తో సహా వేయాలి. మళ్లీ ఫోన్ చేస్తే "టికెట్ క్లోజ్ అయింది మేడం, కొత్తది పెట్టాలి, కొత్తది పెట్టాలంటే స్టే అయిన ఏడు రోజుల్లోపు పెట్టాలి" అన్నారు. మీరే క్లోజ్ చేసి మీరే టైం అయిపోయిందంటే ఇంకేటి చెప్పను.

మీకు అరవడం వచ్చినవాళ్ల మాటే చెవికెక్కుతుందని మా అబ్బాయి అంటాడు, ట్విట్టర్‌లో పెట్టమ్మా అంటాడు. నేను అలాంటి దాన్ని కాదు, నా షాపులో ఎవరి బ్లౌజైనా చెయ్యి బిగిసిందంటే ఒక్క మాట అనకుండా విప్పి కుడతా, డబ్బు తీసుకోను. కానీ కస్టమర్లలో ఒక వకీలు గారి భార్య ఉన్నారు, ఆవిడ ద్వారా ఆయన్ని అడిగా. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడున్నా నేను నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చట, ఐదు లక్షల లోపు కట్టినదానికి ఫీజు కూడా లేదట. దానికి ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ రాయించుకోవచ్చట. రాయగడలోనే వినియోగదారుల కమిషన్ ఉంది, నా షాపు నుంచి ఆటో ఎక్కితే సరి. అప్పుడు మీరు సౌత్ టీంని పంపుతారో ఈస్ట్ టీంని పంపుతారో మీ ఇష్టం, వాయిదాకి మాత్రం ఎవరో ఒకరు రావాలి.

నాకేం కావాలో ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెప్తున్నా. ఒక టెంటుకి ఒక రాత్రి డబ్బు, జీఎస్టీతో కలిపి 10,620. రెండో రాత్రి మేం ఉండకుండా వచ్చేసిన రెండు టెంట్ల డబ్బు అడగాలా వద్దా అని మొదట్లో మొహమాటపడ్డా, ఇప్పుడు మొహమాటం పోయింది, అదీ కలపండి, 31,860. అదీ కాకపోయినా, ఎవరో ఒక పెద్ద మనిషి మా ఇంటికి ఫోన్ చేసి మా అత్తగారితో "అమ్మా, తప్పయింది" అని ఒక మాట అంటే, డబ్బు విషయం నేను ఆలోచిస్తా. మొదటి వారంలోనే ఆ మాట అని ఉంటే ఈ ఉత్తరమే లేదు. ఇప్పుడు మాత్రం రెండూ కావాలి.

ఇంకోటి. ప్లేయర్ ఇవ్వనన్న కుర్రాడి మీద ఏ యాక్షనూ తీసుకోకండి. ఆ పిల్లాడు రాత్రి ఒంటిగంటకి మళ్లీ వచ్చాడు, తన ఒంటి మీద ఉన్న దుప్పటి తీసి మా అత్తగారికిచ్చాడు, ఎక్కడినుంచో సుతిలీ తాడు తెచ్చి గుడ్డ తలుపుని బయటినుంచి మేకులకి కట్టాడు. చేతులు కొంకర్లు పోతున్నాయి వాడికి. మీ మొత్తం కంపెనీలో ఆ రాత్రి పనిచేసింది వాడొక్కడే, అదీ మీ రూలు దాటి. వాడి జీతం కోశారని తెలిస్తే మాత్రం ఈ ఏడో మెయిలే ఆఖరిది కాదు.

ఫోన్ చేసేటట్టయితే షాపు పొద్దున్న పది నుంచి రాత్రి ఎనిమిది. మధ్యాహ్నం రెండింటికి భోజనం, అప్పుడు చేయకండి. వేణువు పెట్టకండి.

ఈ మెయిల్‌తో పాటు మీ హెడ్డాఫీసు అడ్రసుకి స్పీడ్ పోస్టులో ఒక చిన్న కవరు కూడా పంపిస్తున్నా. అందులో మీ టెంటు సైజుకి సరిపోయే రన్నరు ఒకటి ఉంది. పోస్టు ఖర్చు దాని ఖరీదు కంటే చాలా ఎక్కువైంది, ఫరవాలేదు, అదీ బిల్లులో వేసుకుంటా.

ఇట్లు,
రాయగడ నుంచి,
మీ నాలుగేళ్ల కస్టమరు