కొనుక్కొచ్చిన వ్యర్థాలతో చేతిపనులు

సంపాదకులకు,

అయ్యా,

పండుగలకు, కానుకలకు, ఇంటి అలంకరణకు ఎవరికి వారు చేసుకోదగిన వస్తువుల గురించి మీ ఆదివారం అనుబంధంలో వస్తున్న శీర్షికను మొదటినుంచీ చదువుతున్న పాఠకురాలిని. ఇటువంటి పనులకు పత్రికలో చోటు దొరకడమే అరుదు కనుక దాన్ని ఆపమని కోరడానికి ఈ లేఖ రాయడం లేదు. కానీ గత రెండు నెలల్లో వచ్చినవన్నీ కత్తిరించి పక్కపక్కన పెట్టుకుని చూస్తే, దాదాపు ప్రతి దానికీ చేసే విధానం కంటే కొనవలసిన వస్తువుల పట్టికే పొడవుగా కనిపించింది. గ్లూ గన్, మెరుపు కాగితాలు, ముత్యాలను పోలిన ప్లాస్టిక్ పూసలు, ఐస్‌క్రీమ్ పుల్లలు, చివరికి వరలక్ష్మీ వ్రతం మండపానికి థర్మోకోల్ పలకలు. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువుల్లో కొన్నింటిని 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించినప్పుడు, అలంకరణకు వాడే థర్మోకోల్ కూడా ఆ జాబితాలో చేరింది. ఆ సంగతి ప్రచురించిన పత్రికలే కొన్నేళ్లకే దానితో మండపం కట్టుకోమని చెప్పడం బాగాలేదు.

నేను బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న దానిని కనుక ఈ తప్పులో మా వృత్తికీ వాటా ఉందని ఒప్పుకోవాలి. ‘బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్’ అనే పేరుతో పిల్లలకు ఇచ్చే ఇంటిపని ఎలా నడుస్తుందో తల్లిదండ్రులందరికీ తెలుసు. నాలుగో తరగతి చదువుతున్న మా మనవడు రాత్రి తొమ్మిది గంటలకు ఆ మాట చెబితే, మా అమ్మాయి ఫ్యాన్సీ దుకాణం మూసేలోపు పరుగెత్తి, ఎవరూ ఐస్‌క్రీమ్ తినని కొత్త పుల్లలు యాభై ఉన్న కట్ట కొనుక్కొచ్చింది. వ్యర్థాన్ని డబ్బు పెట్టి కొని, దానితో పెన్నుల స్టాండు చేసి, వారం తిరగకుండా దాన్ని నిజమైన వ్యర్థంలో కలిపేశాము.

కిందటేడు వినాయక చవితికి ఇంతకంటే పెద్ద పొరపాటు జరిగింది. మీరే వినాయకుణ్ణి చేసుకోండి అని రాసి ఉన్న పెట్టె ఒకటి తెప్పించాము. అందులో ముదురు రంగు మట్టి, ప్లాస్టిక్ అచ్చు, రంగుల సీసాలు ఉన్నాయి. బొమ్మ ముద్దుగానే వచ్చింది. నిమజ్జనం చేసిన బకెట్టులో మూడు రోజులు నానినా రంగు మాత్రం వెలిసి, ఆకారం చెక్కు చెదరలేదు. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ విషయంలో జరిగేది కూడా ఇదే. జిప్సం రాయిని వేడి చేసి అందులోని నీటిని చాలావరకు పోగొడితే వచ్చే పొడి అది. నీళ్లు కలపగానే తిరిగి గట్టి జిప్సంగా మారుతుంది కనుక చెరువులో వేసినా కరగదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాలలో అటువంటి విగ్రహాలు వద్దని చెప్పింది. ఇంట్లో జానెడు బొమ్మ చేసుకునే మనము ఆ పొడిని గానీ, దాని చుట్టాలను గానీ డబ్బు పెట్టి తెచ్చుకోవలసిన అవసరం ఏమిటన్నదే నా ప్రశ్న.

అసలు మట్టితో చేయడం సులువే కానీ, సులువని ఒక్క మాటలో చెప్పి వదిలేస్తే చేసినవారు నిరాశపడతారు. ఆరంగుళాల వినాయకుడికి కిలోన్నర బంకమట్టి చాలు. మాది రాజమహేంద్రవరం కనుక గోదావరి ఒండ్రు కలిసిన మట్టి కుమ్మరి ఇంట దొరుకుతుంది. నల్లరేగడి నేలలున్న ఊళ్లవారు పొలం నుంచి తెచ్చిన మట్టిని ఉన్నదున్నట్టు వాడితే, ఆ మట్టికి ఎండేటప్పుడు కుంచించుకుపోయే గుణం ఎక్కువ కనుక, బొమ్మ బీటలు వారుతుంది. ఏ మట్టైనా రాళ్లు లేకుండా జల్లించి, రాత్రంతా నానబెట్టి, పొద్దున పూరీల పిండిలా మర్దించి, అందులో పిసరంత దూదిని పీచులు పీచులుగా విడదీసి కలిపితే పగుళ్లు చాలావరకు తగ్గుతాయి. బొజ్జకు ఒక ముద్ద, తలకు ఒక ముద్ద చేసుకున్న తరువాత, అవి అతికే చోట ఫోర్కుతో గీతలు పెట్టి, జావలా కలిపిన మట్టి పూసి, రెండింటి మధ్య ఒక చీపురు పుల్ల గుచ్చాలి. చేగోడీకి పిండి పాకించినట్టు తొండాన్ని పాకించి బొజ్జకు ఆనిస్తే విరగదు. ఏకదంతుడు కనుక రెండో దంతం సరిగా కుదరకపోయినా దోషం లేదు. చివరగా వీపు వైపు నుంచి చెంచాతో కొంత మట్టి తవ్వి తీస్తే లోపలి మట్టి కూడా సమంగా ఆరుతుంది.

ఆరబెట్టడంలోనే అందరూ తొందరపడతారు. నేనూ తొందరపడి మొదటి బొమ్మను ఎండలో పెట్టాను. పైపొర ముందే ఎండి బిగుసుకోవడం, లోపలిది పచ్చిగా ఉండిపోవడంతో మెడ దగ్గర చీలి సాయంత్రానికి తల ఊడి పడింది. “కథ ప్రకారమే జరిగింది కదా అమ్మమ్మా” అన్నాడు మా మనవడు. రెండోదాన్ని పలచని తడిగుడ్డ కప్పి నీడలో ఉంచి, మరునాడు గుడ్డ తీసి, వానాకాలపు చెమ్మలో ఆరు రోజులు ఓపిక పట్టాము. రంగుకు పసుపు చాలు, ఎరుపు కావాలంటే పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది. కళ్లకు గురివింద గింజలు పెట్టడం మన ఆచారమే గానీ, వాటిని నమిలి మింగితే ప్రాణానికే ముప్పు కనుక పసిపిల్లలున్న ఇంట్లో మిరియాలు వాడడం మంచిది. బొమ్మను కాల్చకూడదు. కాల్చిన మట్టి మళ్లీ మట్టి కాదు. ఈ మధ్య బొమ్మ లోపల విత్తనాలు పెట్టమని చెబుతున్నారు గానీ, తడిమట్టిలో వారం రోజులుంటే అవి పూజకు ముందే మొలకెత్తుతాయి లేదా కుళ్లిపోతాయి. మేము నిమజ్జనం బకెట్టులో తెల్లవారేసరికి పేరుకున్న మట్టిని కుండీలో పోసి, అప్పుడు తోటకూర విత్తులు చల్లాము.

పాలవెల్లిని కూడా వెదురు బద్దలు పురికొసతో కట్టి ఇంట్లోనే చేసుకోవచ్చును. అయితే వెలగకాయలను నాలుగు మూలలా సమంగా కట్టకపోతే అది పూజ మధ్యలో ఒరిగిపోతుందన్న సంగతి మాత్రం చెప్పవలసి ఉంటుంది.

కానుకల విషయానికి వస్తే, పేరంటాలలో తాంబూలంతోపాటు ఇచ్చే రంగు రంగుల సంచులు చేతికి గుడ్డలా తగులుతాయి గానీ, వాటిలో చాలావరకు నాన్ వోవెన్ రకం, అంటే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసినవే. వాటి బదులు బీరువా అడుగున మడతలు పడి ఉన్న పాత నూలు చీర ఒకటి తీస్తే, ముప్పై ఆరంగుళాల పొడవు, పద్నాలుగంగుళాల వెడల్పు ముక్కలు సుమారు పద్దెనిమిది వస్తాయి. నలిగిన నూలు బరువు ఆపదు కనుక రెండేసి ముక్కలు జతచేసి, మధ్యకు మడిచి రెండు పక్కలా కుట్టుకుంటే, పిడుల గుడ్డ పోను ఎనిమిది సంచులవుతాయి. పిడి సంచికి కలిసే చోట చతురస్రంగా కుట్టి, దాని మధ్య అడ్డంగా ఇంటూ గుర్తులా మరో రెండు వరసలు వేయాలి. నేను ఆ ఒక్కటీ మరచి ఇచ్చిన సంచి పిడి కొబ్బరికాయ బరువుకే ఊడిందని మా వియ్యపురాలు నవ్వుతూనే చెప్పారు గానీ, చెప్పారు. పైన అంచు వచ్చేలా ముక్క కోసుకుంటే మడత కుట్టే పని తప్పుతుంది, చూడడానికీ నిండుగా ఉంటుంది. మా అత్తగారి మంగళగిరి చీర అంచుతో చేసిన సంచిని మాత్రం ఎవరికీ ఇవ్వలేక నేనే ఉంచుకున్నాను.

కాబట్టి, ఆ శీర్షికలో ఏది ప్రచురించినా ముందుగా మీ సిబ్బందిలో ఒకరి ఇంట్లో చేయించి చూడమనీ, ఎంత సమయం పట్టిందో, ఎంత ఖర్చయిందో, ఎక్కడ చెడిందో కూడా రాయించమనీ కోరుతున్నాను. ఫొటోలో మెరిసే పూర్తయిన వస్తువు కంటే సగంలో విరిగిన వస్తువు ఫొటో మా వంటివారికి ఎక్కువ ఉపయోగం. మట్టి పనికి కుమ్మరులనూ, కుట్టుపనికి వీధి చివర దర్జీలనూ అడిగితే వారం వారం రాయడానికి సరిపడినంత చెబుతారు. ఇంకొక మనవి. కిందటేడు మట్టి వినాయకుడి తయారీ మీ పత్రికలో పండుగకు సరిగ్గా ముందు రోజు వచ్చింది. అది చదివి చేసినవారెవరైనా ఉంటే వారు పచ్చి బొమ్మకే పూజ చేసి ఉంటారు. ఈసారి దయచేసి శ్రావణ మాసంలోనే ప్రచురించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
రాజమహేంద్రవరం.