గడువు లేని అత్యవసర అధికారం

సంపాదకులకు నమస్కారం.

కరోనా ఆంక్షల గురించి ఇప్పుడెందుకు అనిపించవచ్చు. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వలేం కనుక ఇప్పుడే రాస్తున్నాను.

1897లో బొంబాయి ప్లేగు కోసం హడావుడిగా చేసిన అంటువ్యాధుల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. మొదట దానికి నాలుగే సెక్షన్లు. ప్రమాదకరమైన అంటువ్యాధి ప్రబలి, ఉన్న చట్టాలు చాలవని ప్రభుత్వానికి తోస్తే తాత్కాలిక నిబంధనలు పెట్టవచ్చంటుంది రెండో సెక్షను. ఏ వ్యాధి ప్రమాదకరమో, ఆ నిబంధనలు ఎన్నాళ్లుండాలో ఎక్కడా లేదు. వాటిని మీరితే మాత్రం నేరం. సదుద్దేశంతో చేశామంటే అధికారుల మీద దావా చెల్లదు.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం సంగతీ అంతే. 2020 మార్చి 23న పార్లమెంటు వాయిదా పడింది. మర్నాడే ఈ చట్టం కింద దేశమంతటా లాక్‌డౌన్ ఉత్తర్వు వచ్చింది. సెప్టెంబరు 14న సభ మళ్లీ కొలువుదీరేలోపు ఆ లాక్‌డౌన్‌ను మూడుసార్లు పొడిగించారు. ఒక్కసారీ సభ్యుల ఓటు అవసరపడలేదు. తర్వాత సభలు జరిగినా పద్ధతి మారలేదు. 2022 మార్చి 31తో ఆ చట్టం కింద ఉత్తర్వులకు స్వస్తి పలికింది కూడా హోం కార్యదర్శి లేఖతోనే. ఆర్డినెన్సుకైనా సభ తిరిగి సమావేశమైన ఆరు వారాల్లో ఆమోదం దొరకకపోతే కాలం చెల్లుతుంది. రాజ్యాంగంలోని 352వ అధికరణం కింద విధించే అత్యవసర పరిస్థితికి సైతం ఆరు నెలలకోసారి పార్లమెంటు ఆమోదం కావాలి. అంటువ్యాధి పేరిట వాడే అధికారానికి ఆ పట్టింపు లేదు!

బ్రిటన్ 2020 మార్చిలో చేసిన కరోనావైరస్ చట్టంలోనే రెండేళ్ల గడువు రాసుకుంది. ఆరు నెలలకోసారి సభ ముందుకు రావాలనీ నియమం పెట్టుకుంది. అక్కడా మొదటి సమీక్ష గంటన్నర చర్చతో ముగిసింది, గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. అయినా మంత్రి సభలో నిలబడి అడగాల్సి వచ్చింది.

1897 చట్టం లోపాలను ఎత్తిచూపుతూ 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ నివేదిక ఇచ్చింది. నన్నడిగితే, కొత్త చట్టం తెచ్చేటప్పుడు ఆంక్షలకు అరవై రోజుల గడువు పెట్టాలి. పొడిగించాలంటే చట్టసభ ఓటు ఉండాలి. ఆంక్షలు మీరారని పెట్టిన చిన్న కేసులు గడువు తీరాక ఏమవుతాయో కూడా అందులోనే రాయాలి. మందుల చీటీ చేతపట్టుకుని రోడ్డెక్కినవాడు, ఉత్తర్వు పోయిన ఏడాదికి కూడా వాయిదాలకు తిరగాల్సిన పనేముంది?

ఇట్లు,
ఒక పాఠకుడు