తలుపు వెనక గీత

సంపాదకులకు,

కనిగిరిలో ముప్పై ఏళ్లు బడిపంతులుగా పనిచేసి, ఫ్లోరైడ్ నీళ్లకు దడిసి ఈ వేసవిలో నెల్లూరు చేరాం. ఇల్లు వెతకడానికే ఇరవై రోజులు పట్టింది. ఆస్పత్రులు దగ్గరని నా భార్య పొగతోట అంటుంది. అక్కడి అద్దెలు నా పింఛనుకు అందవు.

మధ్యవర్తి ఒకాయన పెన్నా ఒడ్డు కాలనీలో చవకగా ఇల్లు చూపించాడు. కొత్త సున్నం వాసన ఇంకా పోలేదు. తలుపు వెనక మాత్రం రంగు వేయడం మరిచారు. అక్కడ నా నడుము ఎత్తున మట్టిరంగు గీత! "చెమ్మ, మాస్టారూ" అన్నాడు. వీధి చివర ఇస్త్రీ చేసే ఆమెను అడిగాను. 2021 నవంబరు వరదలో నీళ్లు నిలిచిన గుర్తని చెప్పింది. ఆమెను అడగకపోతే ఆ సాయంత్రమే అడ్వాన్సు ఇచ్చేసేవాణ్ణి.

చివరకు వేదాయపాలెంలో దిగాం. ఇక్కడా, రైలు కట్టకు ఏ పక్కన ఉన్నామో చూసుకోవాలని మొదటి వానకే తెలిసింది. అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలిచి, మందులకు వెళ్లినవాణ్ణి గంటన్నర అవతలే ఉండిపోయాను.

ఏ వీధిలో వరద ఎంత ఎత్తుకు వచ్చిందో, సంవత్సరంతో సహా, కరెంటు స్తంభాల మీద గీయించాలని అధికారులను కోరుతున్నాను. రెండు డబ్బాల రంగు చాలు. ఇళ్ల యజమానులకు కోపం వస్తుంది, రానివ్వండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, వేదాయపాలెం, నెల్లూరు