ఫిల్టరు పార్సిల్లో ఉత్తరం

విజయవాడ,
10-8-2025, ఆదివారం

చి. బుజ్జికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. ప్రత్యేకంగా చెప్పాల్సిందేమీ లేదు. ఎలాగూ పార్సిల్ పంపుతున్నాం కదా, అందులో ఒక కాగితం పెడదామని కూర్చున్నాను. పెరట్లో కరివేపాకు చెట్టు మళ్ళీ చిగురేసింది. అమ్మ మోకాలు పరవాలేదు, మేడ మెట్లు ఎక్కొద్దంటే మాత్రం వినదు. షెడ్డులో కొత్త కుర్రాడు పానాలు ఎక్కడివక్కడ పెట్టడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు. నువ్వు ఫోన్ చేసి ఈ రోజుకి 19 రోజులు. అమ్మ కాలెండర్లో పాల పాకెట్ల లెక్క పక్కనే దీనికీ గీతలు పెడుతోంది.

ఆ రోజు నువ్వు ఫోన్ చేసి, "నాన్నా, స్విఫ్ట్‌కి ఇంటేక్ మార్పిద్దామనుకుంటున్నా, ఓపెన్ కోన్ వెయ్యనా, కోల్డ్ ఎయిర్ వెయ్యనా?" అని అడిగావు. ఆటోనగర్లో నా షెడ్డుకి వచ్చే ప్రతి డ్రైవరుకీ కూర్చోబెట్టి టీ ఇప్పించి మరీ చెప్పేవాణ్ణి, నీ మీద మాత్రం "ఆడపిల్లకి ఈ గొట్టాల గోలెందుకే" అని అరిచాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అంతకు ముందు రోజు పెళ్ళిలో ఒక మాట విని ఉన్నాను, ఆ కోపం నీ మీదకి వచ్చింది. ఆ సంగతి తర్వాత రాస్తాను. ముందు నువ్వు అడిగిన ఇంటేక్, అంటే ఇంజనుకి గాలి అందించే గొట్టమూ ఫిల్టరూ, దాని గురించి జవాబు చెప్పాలి.

ఇంజను తాగేది పెట్రోలని అందరూ అంటారు గానీ, అది ఎక్కువగా మింగేది గాలిని. ఒక్క లీటరు పెట్రోలు సరిగ్గా కాలడానికి దగ్గర దగ్గర 9000 లీటర్ల గాలి కావాలి. నీ 1.2 లీటర్ల ఇంజను 3000 ఆర్‌పీఎం మీద, అంటే నిమిషానికి 3000 చుట్లు తిరుగుతూ ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కావనుకో, నిమిషానికి 1800 లీటర్ల దాకా లాగుతుంది. అది ఏ గాలి? నువ్వు రోజూ వెళ్ళే దారిలో కంకర లారీల వెనకాల ఎగిరే గాలి. అందులో కంటికి కనపడని ఇసుక నలుసులుంటాయి. అవి పిస్టన్ రింగులకీ సిలిండర్ గోడకీ మధ్య చేరితే ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టే. ఫిల్టరు ఉన్నది దానికోసం. పికప్ పెంచడానికి ఫిల్టరు వేస్తారని నీకు ఎవరు చెప్పారో వాళ్ళ దగ్గర బండి సర్వీసింగ్ చేయించకు.

ఓపెన్ కోన్ సంగతి చూద్దాం. కంపెనీ పెట్టిన ప్లాస్టిక్ డబ్బా తీసేసి, ఇంజను పక్కనే బోడిగా ఒక ఫిల్టరు నిలబెడతారు. దాని చుట్టూ ఉన్నది బానెట్ కింది వేడి గాలి. గాలి మూడు డిగ్రీలు వేడెక్కితే ఒక శాతం పలచబడుతుందని గుర్తుపెట్టుకో. బయట 35 డిగ్రీలుండి బానెట్ కింద 60 ఉంటే నువ్వు ఎనిమిది శాతం పలచటి గాలిని ఇంజనుకి పెడుతున్నావన్నమాట. డబ్బు ఇచ్చి పవర్ తగ్గించుకోవడమే అది. మరి వేసినవాళ్ళంతా బండి దూకుతోందంటారేమిటి అంటావు. శబ్దం వల్ల. కంపెనీ డబ్బాలో ఆ హోరుని అణచడానికి కూడా గదులుంటాయి, అవి పోయేసరికి బుస్సుమంటుంది. చెవికి వేగంగా ఉంటుంది, బండి వేగం అంతే ఉంటుంది. శబ్దం ఇష్టమైతే ఇష్టమను, తప్పేం లేదు. నీ చిన్నప్పుడు డీజిల్ ఇంజను స్టార్ట్ చేస్తే చెవులు మూసుకోకుండా దగ్గరికొచ్చి నిలబడేదానివి.

కోల్డ్ ఎయిర్ అనేది ఆలోచనగా మంచిదే, చల్లగాలి కోసం గొట్టాన్ని కిందికి, బంపర్ వెనక్కి దింపుతారు. చల్లగాలి అక్కడ నిజంగానే దొరుకుతుంది. వానొస్తే నీళ్ళూ అక్కడే దొరుకుతాయి. హైదరాబాద్‌లో గంట వాన పడితే బ్రిడ్జీల కింద ఎంత నీళ్ళు నిలుస్తాయో నాకంటే నీకే తెలుసు. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్ళు నలగవు. సిలిండర్లోకి గ్లాసుడు నీళ్ళు పోయినా పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. పోయిన ఏడాది సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు చూశాను కదా. ఆ వారం ఆటోనగర్లో ఏ సందులో చూసినా తాళ్ళు కట్టి లాక్కొచ్చిన కార్లే. నీళ్ళలో ఆగిపోయాక తాళం తిప్పకుండా వదిలేసిన బండ్లకి ఆయిల్ మార్చి, ప్లగ్గులు తీసి ఆరబెడితే చాలావరకు బతికాయి. కంగారుపడి స్టార్ట్ చేసినవాళ్ళ రాడ్లు విల్లులా వంగాయి. కంపెనీవాళ్ళు ఆ గాలి మూతిని ఎత్తులో పెట్టింది ఇందుకే. నీ ఇన్సూరెన్స్‌లో ఇంజన్ ప్రొటెక్షన్ ఉందా? పాలసీ కాగితం తీసి చూడు, రేపే చూడు. గొట్టం మార్పించాక క్లెయిమ్‌కి వెళితే వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఆ గొట్టం గురించే అవుతుంది.

చట్టం సంగతీ ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని చెప్పింది. అదే ఏడాది మోటారు వాహనాల చట్టం సవరించి, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ అని పెట్టారు. నిన్ను భయపెట్టాలని కాదు. రాత్రిపూట ఒక్కదానివి ఉన్నప్పుడు ఎవరైనా బండి ఆపితే ఆ వాదన నీకెందుకని.

రాత్రిపూట అంటే గుర్తొచ్చింది, గేటు తాళం లోపలి నుంచి వేసుకుంటున్నావా? సరే, అది తర్వాత.

పిడుగురాళ్ళ లారీ నీకు గుర్తుందో లేదో. 2005 వేసవి, నీకు ఏడేళ్ళు. చిన్న మామయ్య సున్నం తోలడానికి సెకండ్ హ్యాండ్ లారీ కొన్నాడు. ఇంజను మొత్తం నేనే విప్పి, కొత్త లైనర్లు (సిలిండర్ లోపలి తొడుగులు), కొత్త పిస్టన్లు, రింగులు వేసి ఇచ్చాను. నాలుగు నెలలు తిరక్కుండానే ఆయిల్ తినడం మొదలుపెట్టింది. వెనకాల నీలం పొగ. మామయ్య వచ్చి, "బావా, రింగులు నకిలీవి వేశావా?" అని పదిమందిలో అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నా ఖర్చుతో మళ్ళీ విప్పాను. పై రింగు కాగితంలా అరిగిపోయింది, లైనరు మీద నిలువు గీతలు. రింగుల కంపెనీ మార్చి మళ్ళీ కట్టాను. ఈసారి మూడు నెలలు. మామయ్య మనింటికి రావడం మానేశాడు, అమ్మ నాతో మాట్లాడటం తగ్గించింది. వేరే మేస్త్రి అయితే బండి తీసుకుపొమ్మనేవాడేమో, నాకు నిద్ర పట్టలేదు. ఆయిల్ బాగుంది, ఫిల్టరు కొత్తది, పంపు బాగుంది. పిడుగురాళ్ళ సున్నం బట్టీల దగ్గర రోడ్డంతా తెల్లగా పిండి ఆరబోసినట్టు ఉంటుంది, దుమ్మే కారణమని తెలుసు. కానీ అంత మంచి ఫిల్టరు దాటి దుమ్ము ఎలా వస్తోందో అంతుపట్టలేదు.

మూడోసారి ఇంజను విప్పబోయే ముందు ఫిల్టరు డబ్బాకీ ఇంజనుకీ మధ్య ఉండే రబ్బరు హోసు పైపు ఊడదీసి పక్కన పడేశాను. లోపల వేలు పెట్టి తుడిస్తే తెల్లటి పొడి. పైపు తిప్పి తిప్పి చూశాను, ఎక్కడా చిల్లు లేదు. అన్నానికి పిలవడానికి వచ్చిన నువ్వు ఆ పైపు తీసుకుని అకార్డియన్‌లాగా వంచి ఆడుకుంటున్నావు. "నాన్నా, ఇది నోరు తెరుస్తోంది" అన్నావు. క్లిప్పు పక్క మడతలో సన్నటి పగులు. మామూలుగా చూస్తే మూసుకునే ఉంటుంది, ఇంజను లాగినప్పుడే తెరుచుకుంటుంది. మేం గాలి అంతా ఫిల్టర్లోంచి వస్తోందనుకుంటే అది ఆ పగుల్లోంచి దుమ్ముతో సహా వెళుతోంది. పైపు మార్చి మళ్ళీ కట్టాను, ఆ తర్వాత ఆ లారీకి ఏళ్ళ తరబడి ఇంజను పని రాలేదు. పగులు నేనే కనిపెట్టానని మామయ్యకి చెప్పాను. నువ్వని చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను, ఈ వినాయక చవితికి వస్తే నీ ఎదురుగానే చెబుతాను.

అందుకే అంటున్నాను, ఏ ఫిల్టరు వేసినా దాని అంచు చూడు. డబ్బాలో కూర్చోబెట్టాక చుట్టూ వేలితో నొక్కి చూడు, ఎక్కడా ఎత్తుగా ఉండకూడదు. క్లిప్పులన్నీ పడాలి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఫిల్టరు తర్వాతి గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడువు. గుడ్డకి గరగర తగిలితే ఆ ఫిల్టరు ఎంత ఖరీదుదైనా తీసెయ్.

ఇక ఏది కొనాలంటే, కంపెనీ డబ్బా అలాగే ఉంచి అందులో సరిపోయే ప్యానెల్ ఫిల్టరు, అంటే పలకలా ఉండేది, చాలు. కడిగి, నూనె పూసి వాడుకునే గాలి ఫిల్టరు కావాలంటే కే అండ్ ఎన్ లాంటి కంపెనీల పలచటి నూలు గుడ్డవి ఉన్నాయి. గాలి కాస్త సులువుగా వదులుతాయి, పేపరుతో పోలిస్తే దుమ్ము కూడా సాధారణంగా కాస్త ఎక్కువ వదులుతాయి. కొనేముందు గాలి ఫిల్టర్లకి పెట్టే ఐఎస్ఓ 5011 పరీక్షలో ఎంత శాతం దుమ్ము ఆపిందో అడుగు. ఒకటి 99, ఇంకొకటి 98 అంటే ఒక్క మార్కే కదా అనుకోకు. నూటికి ఒకటి వదిలేదీ, రెండు వదిలేదీ. లోపలికి పోయే దుమ్ము రెట్టింపు. కడిగితే శుభ్రంగా ఉన్న వైపు నుంచి మెల్లగా నీళ్ళు పొయ్యాలి, నీడలో పూర్తిగా ఆరాలి, కంప్రెసర్ గాలి కొట్టకూడదు. నూనె మడతల వెంట సన్నగా వేసి, రంగు అంతటా పాకేదాకా ఆగాలి. ఎక్కువ పోస్తే, గాలిని తూచే సన్నతీగ సెన్సర్ ఉన్న బండ్లలో ఆ నూనె తీగకి పట్టి లెక్క తప్పుతుంది. ఇంత ఓపిక నీకు ఆఫీసు పనిలో ఉంటుందా? అందుకని నేను పేపరు ఫిల్టరే కొన్నాను. మీ దుమ్ములో బుక్కులో రాసిన దూరం దాకా ఆగక్కర్లేదు, సగానికే తీసి చూడు.

పెళ్ళిలో పెద్దబాబాయి కొడుకు చెప్పిన మాట ఇది. నువ్వు రాత్రి పదకొండు తర్వాత ఎవరో నలుగురైదుగురితో కలిసి ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి పరుగెత్తిస్తున్నావట, వీడియో కూడా చూశాడట. నేను నమ్మలేదు. కానీ మర్నాడే నువ్వు ఇంటేక్ అన్నావు. 158 కిలోమీటర్ల రోడ్డు, లైట్లు ఆర్పేసి పక్కన ఆగిన ఒక్క లారీ చాలు. నిజమో అబద్ధమో నాకు చెప్పు. నిజమైనా నాకే చెప్పు, అమ్మకి నేను చెప్పుకుంటాను. అరవను. నీకు బండి మీద ఇష్టం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఎవరో కుర్రాళ్ళు నేర్పింది కాదు. నువ్వు నా షెడ్డులో పెరిగావు.

టైర్లలో గాలి ఎంత కొట్టిస్తున్నావు? స్టెప్నీలో ఉందా? వైపర్లు మార్చావా? వానల్లో పాత వైపర్లతో నడపకు.

పార్సిల్ పెట్టెలో అడుగున గోంగూర సీసా ఉంది, మూతకి అమ్మ పాలిథిన్ కట్టింది. దాని మీద ఫిల్టరు, రెండింటి మధ్య పాత తువ్వాలు. ఒకవేళ నూనె కారి ఫిల్టరుకి తగిలితే అది వెయ్యకు, ఇంకొకటి పంపుతాను. పాత ఫిల్టరు పారెయ్యకు, చవితికి తీసుకురా, మడతల్లో ఏం పట్టిందో చూస్తాను. మార్చడానికి ఏ షెడ్డుకీ వెళ్ళక్కర్లేదు, క్లిప్పులు విప్పితే వస్తుంది, పది నిమిషాల పని, నీ చేత్తోనే మార్చు. మార్చేటప్పుడు అనుమానం వస్తే ఫొటో పంపకు, ఫోన్ చెయ్. షెడ్డులో చప్పుడున్నా ఎత్తుతాను.

నాన్న