చిన్నీ, కెమెరా ముందు కూర్చునే ముందు

చిన్నీ,

అమెరికా టీవీ యాంకర్ ఓప్రా విన్‌ఫ్రే మీద నువ్వు పంపిన వీడియో చూశాను. బంగాళాదుంపల గోనెసంచితో కుట్టిన గౌను, నూతిలో నీళ్లు తోడటం, ఆ వెంటనే కోట్ల ఆస్తి. నడుమ జరిగిన పనంతా రెండు ముక్కల్లో తేల్చేశారు. నీకు కావాల్సింది ఆ నడిమి భాగమే. పేదరికం ఎవర్నీ యాంకర్‌ని చేయదు.

ఆమె 1954లో మిసిసిపీలోని కొసియస్కోలో పుట్టింది. ఆరేళ్ల దాకా అమ్మమ్మ పొలం దగ్గరే పెరిగింది. మూడేళ్లకే చదవడం నేర్పిందీ, చర్చిలో నిలబెట్టి వచనాలు అప్పజెప్పించిందీ ఆ అమ్మమ్మే. అంటే బడి మొహం చూడకముందే పెద్దవాళ్ల ఎదుట నోరు తెరవడం అలవాటైంది. తర్వాత నాష్‌విల్‌లో సెలూన్ నడిపే తండ్రి వారానికో పుస్తకం చదివించి, దాని మీద రాయించేవాడు. స్కూల్లో ఉండగానే రేడియోలో వార్తలు చదివింది.

నువ్వూ రోజూ పేపర్లో సంపాదకీయం పైకి చదువు. ముందు పెన్సిల్ పట్టుకుని ఊపిరి తీసుకోవాల్సిన చోట ఒక గీత, ఆగాల్సిన చోట రెండు గీతలు పెట్టుకో. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. కొత్తవాళ్లకు అక్కడికొచ్చేసరికి ఊపిరి చాలక ఆ మాటే మింగేస్తారు. ‘ఆమోదించింది’, ‘ఆమోదించలేదు’ తేడా అంతా అక్కడే ఉంది మరి! అంకెలు అక్షరాల్లో రాసుకో. ఫోన్‌లో రికార్డు చేశాక వీడియో చూడకు, ఆడియో ఒక్కటే విను.

ప్రాంప్టర్‌తో, అంటే నువ్వు చదవాల్సిన మాటలు కదులుతూ కనిపించే తెరతో, జాగ్రత్త. నడిపేవాళ్లు నీ వేగాన్ని బట్టి తిప్పుతారు. అక్షరాలు పారిపోతున్నాయని నువ్వు తొందరపడితే వాళ్లు ఇంకా వేగం పెంచుతారు. అలాంటప్పుడు వాక్యం చివర నింపాదిగా ఆగు, అదే నీ దారికొస్తుంది. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి. గొలుసు తగిలినా, పట్టుచీర కొంగు రాసుకున్నా ఆ చప్పుడే వినిపిస్తుంది, గెస్టు మాట కాదు.

1976లో ఓప్రా బాల్టిమోర్‌లో సాయంత్రం వార్తలకు కో-యాంకర్‌గా చేరింది. కొన్ని నెలలకే ఆ సీట్లోంచి తీసేశారు. బాధలో ఉన్నవాళ్ల వార్త చదువుతుంటే ఆ బాధ ఆమె గొంతులోకి వచ్చేసేది. వార్తలకు అది లోపం. 1978లో అదే స్టేషన్ ఆమెను ఉదయం మాటామంతీ కార్యక్రమంలో కూర్చోబెట్టింది, ఆ లోపమే అక్కడ పనికొచ్చింది. 1984 జనవరిలో షికాగోలో అరగంట షో చేపట్టింది. అప్పటికి రేటింగుల్లో అట్టడుగున ఉన్న ఆ షో నెల తిరిగేసరికి అప్పటి పేరున్న టాక్ షో హోస్టు ఫిల్ డోనహ్యూ షోను దాటేసింది. 1986 సెప్టెంబరు 8 నుంచి దేశమంతా ప్రసారమై 2011 మే 25న ముగిసింది. కాబట్టి నిన్ను బులెటిన్ నుంచి తప్పించి టాక్ షోకి పంపితే ఏడుస్తూ ఫోన్ చేయకు.

టాక్ షోలో కొత్తవాళ్లు దెబ్బతినేది చేతిలో కార్డు వల్లే. గెస్టు ‘ఆ రాత్రే ఇల్లు వదిలేశాను’ అన్నా వినకుండా మీ అభిమాన వంటకం ఏమిటంటారు. కార్డు మీద ప్రశ్నలు రాయకు, విషయాలు రాసుకో. ఒక్కసారికి ఒక్క ప్రశ్నే వెయ్యి. రెండు కలిపి అడిగితే సులువైనదానికే జవాబిస్తారు. ‘బాధపడ్డారా?’ అంటే ‘అవునండీ’తో ఆగిపోతుంది, ‘అప్పుడేం చేశారు?’ అను. జవాబయ్యాక ఊపిరి పీల్చినంత సేపు ఊరుకో, అసలు మాట చాలాసార్లు అప్పుడే బయటికొస్తుంది. చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్‌లో ప్రొడ్యూసర్ ఏదో చెబుతుంటే తల ఊపకు, గెస్టు తనకే అనుకుంటాడు.

ఇక డబ్బు సంగతి. 1988లో ఆ షో హక్కులు ఓప్రా సొంత సంస్థ హార్పో చేతికొచ్చాయి. ఆస్తి పెరిగింది అక్కణ్ణుంచే, జీతం మీద కాదు. నీకిప్పుడే హక్కులెవరూ ఇవ్వరులే. కానీ యూట్యూబ్ క్లిప్పులు ఎవరివి, బయట ఈవెంట్లు చేసుకోవచ్చా, మానేస్తే ఎన్నాళ్లు వేరే చానల్లో చేరకూడదు, ఈ మూడూ అగ్రిమెంటులో వెతుకు. సంతకం పెట్టకముందే కాపీ నాకు పంపు.

అమ్మ